చేపల పడవే పందెం పడవైంది

రండర్రా, ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. బందరు పక్కన గిలకలదిండి రేవులో చేపల పాట ఎప్పుడైనా చూశారా? ముందొచ్చిన బోటు సరుకు కోసం పాటగాళ్ళు ఎగబడతారు, వెనకొచ్చినవాడికి ధర దిగిపోతుంది. సరిగ్గా ఆ తొందరలోంచే స్పెయిన్‌లో ఓ పెద్ద పడవ పందెం పుట్టింది.

స్పెయిన్ ఉత్తరపు కొసన, బిస్కే అఖాతం ఒడ్డున బాస్కులని ఓ జనం ఉన్నారు. వాళ్ళ జాలర్ల పడవ పేరు త్రైనేరా. మన కవళ్ళు, నెత్తళ్ళు ఉన్నాయే, ఆ జాతి చేపలు గుంపుగా కనబడితే చాలు, తెడ్లేసుకుంటూ పోయి వలతో చుట్టేసేవాళ్ళు. ఆ చేప రుచి చెప్పక్కర్లేదు, కానీ ఇట్టే మెత్తబడిపోతుంది. అందుకని గుంపు దగ్గరికీ ముందే చేరాలి, తిరిగి రేవుకీ ముందే చేరాలి. ఇంట్లో పొయ్యి వెలగాలంటే పడవ ఉరకాల్సిందే.

అది ఎలా ఉరుకుతుందో చెబుతా, నాకు భలే ఇష్టమైన సంగతిది. త్రైనేరా పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు బాగా తక్కువ. కాలవలో అరటిబోదెకి తాడు కట్టి లాగి చూడండి, దాని ముందు ఓ అల లేస్తుంది. వేగం పెంచేకొద్దీ ఆ అల సాగుతుంది. సాగి సాగి పడవ పొడవుని మించిందనుకోండి, ముక్కు అల మీదికి లేస్తుంది, వెనక భాగం దాని వెనకున్న పల్లంలోకి వాలుతుంది. అక్కణ్ణించి పడవ తన అలనే తాను ఎక్కాలి, ధాన్యం బస్తాల బండి కాలవగట్టు ఎక్కినట్టు! పడవ ఎంత పొడవైతే ఆ గట్టు అంత ఆలస్యంగా ఎదురవుతుంది. 12 మీటర్ల పడవకి గంటకి 15, 16 కిలోమీటర్ల దగ్గర వస్తుందది. సన్నగా, తేలిగ్గా ఉంటే లేచే అల చిన్నది కాబట్టి, గట్టిగా లాగితే కాస్త దాటనూవచ్చు.

“మరి మన పడవలు అలా ఎందుకు లేవు తాతయ్యా?” అంటారేమో. మన తీరంలో కష్టం వేరమ్మా. ఒడ్డున విరిగే కెరటాల్లోంచి పడవ బయటపడాలి. అందుకే ఈ కోరమండల్ తీరంలో మసూలా పడవలు కట్టారు. మేకులు కొట్టేవారు కాదు, పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేసేవారు. కెరటం కొడితే పలక కాస్త వంగేది తప్ప పగిలేది కాదు. ఎంత తెలివి చూడండి!

సరే, పందేనికొద్దాం. బాస్కుల దొనోస్తియా ఊళ్ళో, లా కోంచా అఖాతంలో 1879లో మొదలైన పందెం ఇప్పటికీ సెప్టెంబరు మొదటి రెండు ఆదివారాలూ జరుగుతుంది. గెలిచిన ఊరికి జెండా ఇస్తారు. 2008 నుంచి ఆడవాళ్ళకీ పోటీ ఉంది. వేటకి ఇంజన్లొచ్చాక తెడ్ల పడవతో పని తీరిపోయింది గానీ, ఊరూ ఊరూ పంతం పట్టుకోవడం మానలేదు. కొయ్య పోయి కార్బన్ ఫైబర్ వచ్చింది. తెడ్లు వేసేవాళ్ళు మాత్రం పదముగ్గురే: ఆరు జతలు, ముక్కు దగ్గర ఒకరు. వెనక సరంగు నిలబడి పొడుగాటి తెడ్డుతో దారి తిప్పుతుంటాడు.

మగవాళ్ళ పందెం 5,556 మీటర్లు, ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా తేలిపోతుంది. లెక్క కట్టండి, గంటకి పదహారు కిలోమీటర్ల పైమాటే. అంటే ఇందాక చెప్పుకున్న గట్టు మీదే వాళ్ళ పరుగంతా! సగం దూరం సముద్రంలోకి పోయి, తేలే గుర్తు చుట్టూ తిరిగి రావాలి. పొడుగాటి పడవ తేలిగ్గా తిరగదు కదా, అందుకని ఒక పక్కవాళ్ళు ముందుకి లాగుతుంటే రెండో పక్కవాళ్ళు వెనక్కి తోస్తారు. అక్కడ ఒక్క తెడ్డు తడబడితే పక్క ఊరి పడవ ముందుకి దూసుకుపోతుంది.