మంగోలియా అమ్మాయిల సగం కోర్టు

ఒలింపిక్స్‌లో మంగోలియా అంటే కుస్తీ, జూడో, బాక్సింగే గుర్తొస్తాయి. ఆ దేశం ఒక జట్టు క్రీడలో తొలిసారి ఒలింపిక్స్‌కి వెళ్లింది మాత్రం బాస్కెట్‌బాల్‌తో. అదీ అమ్మాయిల జట్టుతో. 2021 జులైలో టోక్యో ప్రారంభోత్సవంలో మంగోలియా జెండా పట్టుకున్న ఇద్దరిలో ఒకరు ఆ జట్టులోని ఓనోల్‌బాతర్ ఖులాన్.

వాళ్లు ఆడేది ముగ్గురేసి ఆడే 3×3. సగం కోర్టు, ఒకటే రింగు, ఒక్క సబ్‌స్టిట్యూట్. ఆట పది నిమిషాలు. ఈలోగా 21 పాయింట్లు కొడితే అక్కడితో సరి. పన్నెండు సెకన్లలో షాట్ వేసెయ్యాలి. బంతి రింగులో పడిందా, పాయింటు ఇచ్చుకున్న జట్టు వెంటనే రింగు కిందే బంతి అందుకుని, వంపు గీత దాటించి, మళ్లీ దాడికి రావాలి. బడిపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. గెలుస్తున్న పిల్లలు కూడా ఐదో నిమిషానికల్లా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటారు. పైగా ఇందులో కోచ్‌కి బెంచీ మీద చోటు లేదు. టైమౌట్ అడగాలన్నా, ఎవరిని దింపాలన్నా ఆడేవాళ్లే తేల్చుకోవాలి. నన్నడిగితే ఈ ఆటలో గొప్ప నియమం అదే.

మంగోలియా జనాభా దాదాపు 35 లక్షలు. అందులో ఇంచుమించు సగం మంది రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉంటారు. చలికాలం మైనస్ ముప్పై డిగ్రీలకు దిగిపోయే ఊరది. అయినా అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ జాగాల్లో, పల్లెల్లో గుడారపు ఇళ్ల పక్కన మట్టినేలలో రింగులు కనిపిస్తాయి. అక్కడ బాస్కెట్‌బాల్ అంటే అంత పిచ్చి. అమెరికాలో పేరున్న బాస్కెట్‌బాల్ ప్రదర్శన జట్టు హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌కు ఆడిన తొలి ఆసియా ఆటగాడు, ఏడడుగుల శరవ్‌జమ్త్స్ మంగోలియా వాడే. ఆయన కొడుకు మైక్ అమెరికాలో డేటన్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు.

మరి అమ్మాయిలకు టోక్యో బెర్తు ఎలా దొరికింది? 2019 నవంబరులో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఇచ్చే 3×3 ర్యాంకింగ్ ఆధారంగా. ఒక దేశపు ఆటగాళ్లు చిన్నా పెద్దా టోర్నీల్లో కూడబెట్టుకున్న పాయింట్లు కలిస్తేనే ఆ ర్యాంకు. ఒకరిద్దరు స్టార్లతో పని జరగదు. చిన్న టోర్నీలు పెట్టినవాళ్లు, వాటిలో ఆడిన పేరు తెలియని అమ్మాయిలు, అందరూ కలిసి కట్టిన టికెట్ అది. టోక్యోలో నాకౌట్ దాకా రాలేదు. అందుకు వాళ్లను తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

2025 జూన్‌లో 3×3 ప్రపంచకప్ వాళ్ల ఊరికే వచ్చింది. ఉలాన్‌బాతర్ నడిబొడ్డున సుఖ్‌బాతర్ చౌక్‌లో కోర్టు వేశారు. సొంత జనం ముందు మంగోలియా అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్లి, నెదర్లాండ్స్ చేతిలో ఓడి వెండి పతకం తీసుకున్నారు. పోగొట్టుకున్న బంగారం కంటే, తుది స్థానాల జాబితాలో వాళ్ల వెనక మిగిలిన పెద్ద పెద్ద దేశాల పేర్లే నన్ను ఎక్కువ కదిలించాయి.

ఐదుగురేసి ఆడే మామూలు బాస్కెట్‌బాల్‌లోనూ అక్కడ కదలిక వచ్చింది. జవ్‌ఖాన్ బ్రదర్స్ అనే మంగోలియా ప్రొఫెషనల్ క్లబ్ ఈస్ట్ ఏషియా సూపర్ లీగ్‌లో అడుగుపెట్టి జపాన్, కొరియా క్లబ్బులున్న చోట పోటీ పడుతోంది. మగవాళ్ల క్లబ్ అది. అమ్మాయిలకూ అలాంటి లీగ్ ఒకటి రావాలి. అడిగే హక్కు వాళ్లు ఆడి సంపాదించుకున్నారు.