అన్నీ గ్యాస్ నొప్పులు కావు

కడుపు ఉబ్బరంగా ఉందనగానే మెడికల్ షాపుకు వెళ్లి ప్యాంటోప్రజోల్ మాత్ర తెచ్చుకుని మింగడం చాలామంది అమ్మాయిలకు అలవాటైపోయింది. ఛాతీలో మంటకు, పులితేన్పులకు అది పనిచేస్తుంది. మలబద్ధకం దానితో తగ్గదు, నెలసరి ముందు వచ్చే ఉబ్బరమూ తగ్గదు. బాధ ఏ రోజుల్లో వస్తోంది, ఏం తిన్నాక వస్తోంది, ఏ మందు వేసుకున్నాక వస్తోంది? ఒక రెండు నెలలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటే సగం కారణాలు బయటపడతాయి.

నెలసరి సంగతే చూడండి. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. అందుకే నెలసరికి ముందు వారంలో విరేచనం సాఫీగా కాదు, పొట్ట బిగదీసినట్టుంటుంది. రక్తస్రావం మొదలయ్యే వేళకు గర్భాశయంలో ప్రొస్టాగ్లాండిన్లు ఊరతాయి. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఈ రసాయనాలే పేగులనూ కదిలిస్తాయి. మొదటి రెండు రోజులు విరేచనాలు పలచగా కావడానికి, వికారానికి కారణం ఇదే. ఆ నొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ మాత్రలు ప్రొస్టాగ్లాండిన్లను అణచేస్తాయి. అయితే జీర్ణాశయం లోపలి పొరకు రక్షణ ఇచ్చేవీ ప్రొస్టాగ్లాండిన్లే. అందుకే ఆ మాత్రలను పరగడుపున కాకుండా ఏదైనా తిన్నాకే వేసుకోమంటారు.

రెండో కారణం ఐరన్ మాత్ర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఐరన్ మాత్ర చాలామందికి తప్పదు. దానితో మలం నల్లబడుతుంది, గట్టిపడుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. నల్లటి మలం చూసి భయపడి మాత్ర మానేస్తే రక్తహీనత అలాగే ఉండిపోతుంది. మానేసే బదులు డాక్టర్‌తో మాట్లాడితే మోతాదో, మాత్రో మారుస్తారు. మాత్రను టీతో మాత్రం మింగకూడదు. భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీలు వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అవి తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

ఇక ఎవరూ పైకి చెప్పుకోని కారణం ఒకటుంది: కాలేజీలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం. అక్కడికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగరు. వచ్చినా ఆపుకుంటారు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేసుకుంటుంది, మర్నాటికి అది మరింత గట్టిపడుతుంది. ఈ తప్పు అమ్మాయిలది కాదు. కాలేజీకి బోర్డు ఎంత అవసరమో నీళ్లొచ్చే మరుగుదొడ్డి అంతే అవసరం. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. తిన్న కాసేపటికి పెద్దపేగు సహజంగానే కదులుతుంది, పొద్దున పూట ఇంకా ఎక్కువ. కాబట్టి టిఫిన్ మానకుండా, తిన్నాక పది నిమిషాలు హడావుడి లేకుండా కూర్చోవాలి.

తిండిలో తెల్లన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, జామకాయ పెంచాలి. పీచును ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది, కొద్దికొద్దిగా పెంచాలి. ఇసబ్‌గోల్ పొట్టు చెంచాడు గ్లాసు నిండా నీళ్లలో కలిపి, అది జిగురుగా మారకముందే తాగేసి, మరో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డుపడుతుంది. పాలు తాగితే కడుపు గడబిడ చేసేవారికి పెరుగు, మజ్జిగ బాగా పడతాయి. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకుంటే మంట ఖాయం, రెండు మూడు గంటల ఎడం ఉండాలి. పానీపూరి తిన్న మర్నాడు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్‌పై రాసినన్ని నీళ్లలోనే కలపాలి.

పరీక్షల్లో ఏమీ తేలకపోయినా, విరేచనానికి ముడిపడిన నొప్పి వారానికొకసారైనా వస్తూ నెలల తరబడి వేధిస్తే డాక్టర్లు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్)ను అనుమానిస్తారు. అది మహిళల్లోనే ఎక్కువ. ఒత్తిడి దాన్ని పెంచుతుంది, కానీ ఆ నొప్పి ఊహ కాదు.

కొన్ని లక్షణాలను ఇంట్లో చూసుకుంటూ కూర్చోకూడదు. మలంలో రక్తం, ఐరన్ మాత్ర వేసుకోకపోయినా తారులా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే డాక్టర్‌ను కలవాలి. సాయంత్రం జ్వరంతో బరువు తగ్గుతుంటే పేగుల్లో క్షయ ఉందేమో చూస్తారు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి అపెండిక్స్‌ది కావచ్చు. నెలసరి రోజుల్లో మలవిసర్జన చేసేటప్పుడు భరించలేని నొప్పి వస్తుంటే గైనకాలజిస్టును అడగాలి, అది ఎండోమెట్రియోసిస్ కావచ్చు. నెల తప్పాక పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భాశయం బయట గర్భం నిలిచిందేమోనని అనుమానించి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. పెళ్లయిందా లేదా అన్న బిడియంతో నెల తప్పిన సంగతి డాక్టర్ దగ్గర దాస్తే చికిత్స ఆలస్యమవుతుంది.