వంద పుస్తకాల జాబితా, మన ఇంటి అల్మారా

వేసవి సెలవులు సమీపించగానే చదువుకునే పిల్లలున్న ఇళ్లలోకి ఒక జాబితా వచ్చి చేరుతుంది. 'జీవితంలో తప్పక చదవవలసిన వంద మహాగ్రంథాలు' అన్నది దాని శీర్షిక. హోమర్, దాంతే, సెర్వాంటిస్, షేక్‌స్పియర్, టాల్‌స్టాయ్ అంటూ అది సాగిపోతుంది. పిల్లలు దానిని గోడకు అంటించుకుంటారు. ఒక పుస్తకం పూర్తయినప్పుడల్లా ఆ పేరు పక్కన గీత గీస్తారు. సాయంత్రాలన్నీ సెల్‌ఫోను తెరమీదే కరిగిపోతున్న ఈ కాలంలో ఒక బిడ్డ పుస్తకం పట్టుకుని మూలన కూర్చోవడం కంటికి చల్లని దృశ్యమే.

అయితే ఈ జాబితా పట్ల మన కుటుంబాలలో రెండు విధాల ధోరణులను మేము గమనిస్తున్నాము. కొందరు తల్లిదండ్రులు 'ఇందులో మన ధర్మానికి సంబంధించినది ఒక్కటైనా లేదే' అని కలవరపడి ఆ పుస్తకాలను గడప దాటనివ్వరు. మరికొందరు ఎన్ని పేర్లకు గీత పడిందో లెక్కపెట్టుకుని బంధువుల ముందు గర్విస్తారు. బిడ్డ ఏమి చదివింది, ఆ చదువు ఆమె మనసులో ఏమి మిగిల్చింది అని మాత్రం అడగరు. మొదటివారు తలుపు మూసేస్తున్నారు. రెండవవారు తలుపు తెరిచి బిడ్డను ఒంటరిగా పంపిస్తున్నారు. బిడ్డతో కలిసి నడవడమన్నది మూడవ మార్గం. మేము ఇక్కడ చెప్పదలచినది దాని గురించే.

జాబితా ఎవరిది?

ప్రతి జాబితా వెనుక ఒక మనిషి, ఒక కాలం, ఒక దేశం ఉంటాయి. 1886లో సర్ జాన్ లబ్బాక్ అనే ఆంగ్ల మేధావి లండన్‌లోని వర్కింగ్ మెన్స్ కాలేజీలో ప్రసంగిస్తూ, శ్రామికులు చదవదగిన దాదాపు వంద పుస్తకాల పేర్లు ప్రకటించారు. నేటి జాబితాలకు మూలపురుషుడు ఆయనే అనవచ్చు. ఆ పట్టికలో ఖుర్ఆన్ భాగాలు, ఫిర్దౌసీ షానామా, అరేబియన్ రాత్రుల కథలు కూడా ఉన్నాయి. 1909లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవి నుండి విరమించిన చార్లెస్ ఇలియట్ సంపాదకత్వంలో 'ఐదడుగుల అల్మారా'గా ప్రసిద్ధి పొందిన గ్రంథమాల వెలువడనారంభించింది. అందులోనూ ఖుర్ఆన్‌లోని కొన్ని అధ్యాయాలకు చోటు దక్కింది.

ఇక 1952లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంస్థ 54 సంపుటాలుగా ప్రచురించిన 'పాశ్చాత్య ప్రపంచపు మహాగ్రంథాలు' సంగతి వేరు. అందులో ఒక్క ముస్లిం రచయిత లేడు, ఒక్క స్త్రీ కూడా లేదు. అరిస్టాటిల్ ఉన్నాడు, థామస్ అక్వినాస్ ఉన్నాడు. ఆ అక్వినాస్ ఎవరి వ్యాఖ్యానాల సాయంతో అరిస్టాటిల్‌ను చదివి, ఆయనను 'వ్యాఖ్యాత' అనే బిరుదుతోనే పేర్కొన్నాడో, ఆ ఇబ్ను రుష్ద్ మాత్రం లేడు. 2002లో నార్వే దేశపు పుస్తక సంఘం 54 దేశాలకు చెందిన వందమంది రచయితలను అడిగి తయారు చేసిన పట్టికలో రూమీ మస్నవీ, సాదీ బూస్తాన్, సూడాన్ రచయిత తయ్యిబ్ సాలెహ్ నవల చేరాయి. అడిగినవారు మారారు, జాబితా మారింది.

ఈ సంగతి పిల్లలకు తెలియజెప్పడం అవసరం. లేకుంటే పట్టికలో మన పేర్లు లేకపోవడాన్ని చూసి, మనవారు రాసినదేమీ లేదన్న భావం వారి లేత మనసుల్లో నాటుకుంటుంది. ఆ భావాన్ని మోస్తూ పెరగడం పుస్తకాలు చదవకపోవడం కంటే పెద్ద నష్టం.

మన పూర్వీకుల పట్టికలు

జాబితాలు రాయడం మనకు కొత్త విద్య కాదు. హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987లో, బాగ్దాద్ నగరంలో గ్రంథ విక్రేతగా జీవించిన ఇబ్నున్నదీమ్ 'అల్ ఫిహ్రిస్త్' అనే గ్రంథం రచించారు. తనకు తెలిసినంతవరకు అరబీలో లభ్యమవుతున్న పుస్తకాలన్నింటినీ పది ప్రకరణాలుగా ఆయన నమోదు చేశారు. దివ్య ఖుర్ఆన్‌కు సంబంధించిన విద్యలు మొదటి ప్రకరణంలోనే ఉన్నాయి. అక్కడే యూదుల, క్రైస్తవుల గ్రంథాల ప్రస్తావనా ఉంది. వ్యాకరణం, చరిత్ర, కవిత్వం, ఫిఖ్హ్, గ్రీకు తత్వశాస్త్రం, వైద్యం వరుసగా వస్తాయి. కట్టుకథలకు ఒక ప్రకరణం, భారతదేశంతో సహా ఇతర ప్రజల మతవిశ్వాసాలకు ఒక ప్రకరణం కేటాయించారు. ఏడు శతాబ్దాల తరువాత ఇస్తాంబుల్‌కు చెందిన హాజీ ఖలీఫా తన 'కష్ఫుజ్జునూన్'లో దాదాపు 14,500 గ్రంథాల పేర్లు పొందుపరిచారు.

ఆ పెద్దల వైఖరిలోని నిబ్బరాన్ని గమనించండి. ఇతరుల పుస్తకాల పేరు రాస్తే తమ విశ్వాసం చెదిరిపోతుందని వారు భయపడలేదు. అలాగని తమ పునాదిని వదులుకోనూ లేదు. ఈ వైఖరికి మూలం దైవప్రవక్త (స) కాలంలోనే కనిపిస్తుంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన మక్కా ఖైదీలలో విమోచన ధనం చెల్లించలేని అక్షరాస్యులు, మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పి విముక్తులయ్యారని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి. గురువులు విగ్రహారాధకులు, పైగా నిన్నటి శత్రువులు. అయినా అక్షరం అక్షరమే.

క్రూసో పక్కన హయ్య్

ఇప్పుడు జాబితాలోని కొన్ని పేర్లను దగ్గరగా చూద్దాము. 1719లో వెలువడిన డేనియల్ డెఫో నవల 'రాబిన్సన్ క్రూసో' దాదాపు ప్రతి పట్టికలోనూ ఉంటుంది. ఓడ పగిలి ఒంటరి దీవికి చేరిన మనిషి కథగా పిల్లలందరికీ అది తెలుసు. కానీ ఆ కథ మొదట్లోనే క్రూసో మొరాకోలోని సలా రేవులో బందీ అవుతాడని, జూరీ అనే ముస్లిం బాలుడి సాయంతో పడవలో తప్పించుకుంటాడని ఎందరు గుర్తుంచుకుంటారు? తనను నమ్మి వెంట వచ్చిన ఆ పిల్లవాడిని క్రూసో ఒక పోర్చుగీసు నావికుడికి అరవై నాణేలకు అమ్మేస్తాడు. క్రైస్తవం స్వీకరిస్తే పదేళ్లకు విడుదల అన్నది షరతు. కథ ముందుకు సాగిపోతుంది, జూరీ వెనుకే ఉండిపోతాడు. పుస్తకం మూసి గీత గీసే ముందు 'జూరీ ఏమయ్యాడు?' అని బిడ్డను ఒక్క మాట అడిగి చూడండి. అసలైన పఠనం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

క్రూసోకు ఐదు శతాబ్దాల ముందే అందలుసియా పండితుడు, వైద్యుడు ఇబ్ను తుఫైల్ 'హయ్య్ బిన్ యఖ్జాన్' అనే కథ రాశారు. ఆయన 1185లో మరణించారు. జనసంచారం లేని దీవిలో ఒక జింక పాలు తాగి పెరిగిన బాలుడు, ప్రకృతిని పరిశీలిస్తూ, ఆలోచిస్తూ తన సృష్టికర్తను తెలుసుకునే కథ అది. 1671లో ఆక్స్‌ఫర్డ్‌లో అది లాటిన్ అనువాదంతో అచ్చయింది. 1708లో సైమన్ ఓక్లీ దానిని అరబీ నుండి నేరుగా ఇంగ్లీషులోకి అనువదించారు. క్రూసో కథ వచ్చింది ఆ తరువాత పదకొండేళ్లకు.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే పిల్లలకు ఒక తేడా తెలుస్తుంది. తన దీవిలో దొరికిన మనిషికి క్రూసో మొదట నేర్పిన మాటలలో ఒకటి తనను 'యజమానీ' అని పిలవడం. హయ్య్ దీవికి వచ్చిన అబ్సాల్ అతడికి స్నేహితుడై మాటలు నేర్పుతాడు. సత్యం గురించి ఇద్దరూ సరిసమానంగా మాట్లాడుకుంటారు.

నార్వే పట్టిక రూపొందించిన రచయితలు అన్నింటికంటే ముందు నిలిపిన 'డాన్ క్విక్సోట్'లోనూ మన అడుగుజాడలు ఉన్నాయి. సెర్వాంటిస్ ఐదేళ్లు అల్జీర్స్‌లో బందీగా గడిపినవాడు. తన కథకు మూలం సీదీ హమీద్ అనే అరబ్ చరిత్రకారుడి రాతప్రతి అని, దానిని టొలేడో బజారులో కొన్నానని, ఒక మొరిస్కోకు ఎండుద్రాక్ష, గోధుమలు కూలిగా ఇచ్చి అనువాదం చేయించానని ఆయన కల్పన చేశాడు. బలవంతంగా క్రైస్తవులుగా మార్చబడిన స్పెయిన్ ముస్లింల సంతతిని మొరిస్కోలని పిలిచేవారు. 1609లో వారిని దేశం నుండి వెళ్లగొట్టసాగారు. 1615లో వెలువడిన రెండవ భాగంలో రికోతే అనే మొరిస్కో మారువేషంలో తిరిగివచ్చి, పుట్టిన నేల మీది మమకారంతో కన్నీరు పెడతాడు. సొంత ఊరి నుండి వెళ్లగొట్టబడిన మనిషి దుఃఖం అర్థం కావడానికి మన పిల్లలకు వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

గాయపరిచే పుట

అన్ని పుటలూ ఇలా ఉండవు. దాంతే 'డివైన్ కామెడీ' ప్రతి పట్టికలోనూ ఉంటుంది. దాని నరక వర్ణనలో 28వ సర్గ, దైవప్రవక్త (స) పట్ల, హజ్రత్ అలీ (రజి) పట్ల ఘోరమైన అపచారంతో కూడి ఉంది. అదే గ్రంథం నాల్గవ సర్గలో ఇబ్ను సీనా, ఇబ్ను రుష్ద్, సుల్తాన్ సలాహుద్దీన్‌లకు శిక్ష లేని గౌరవస్థానం ఇచ్చింది. 1919లో స్పెయిన్‌కు చెందిన క్యాథలిక్ పూజారి, అరబీ పండితుడు మిగేల్ ఆసీన్ పలాసియోస్, దాంతే పరలోక వర్ణనకు మేరాజ్ కథనాలతో గాఢమైన సంబంధం ఉందని వాదిస్తూ ఒక పెద్ద గ్రంథమే రాశారు. ద్వేషించిన చోటే దాంతే అప్పుపడ్డాడన్నమాట.

ఇటువంటి పుట ఒంటరిగా ఎదురైతే పదిహేనేళ్ల బిడ్డ మనసు గాయపడుతుంది. ఆ గాయాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోతే అది సిగ్గుగానో కోపంగానో మారుతుంది. కనుక తల్లిదండ్రులకు ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. చదవడానికి వయసు చాలదనుకుంటే ఆ పుస్తకాన్ని వాయిదా వేయవచ్చు, జాబితాకు మనం బాకీ లేము. చదవగల వయసు వచ్చినవారికి ఇమామ్ గజాలీ (రహ్మ) పద్ధతి ఆదర్శం. తాను అంగీకరించని తత్వవేత్తల గ్రంథాలను ఆయన రెండేళ్లకు కాస్త తక్కువ కాలం చదివి, మరో ఏడాది పాటు మననం చేసి, ఆ తరువాతే ఖండనకు పూనుకున్నానని తన ఆత్మకథలో వివరించారు. తెలుసుకోకుండా ఖండించడం చీకట్లో రాయి విసరడం వంటిదే.

మన నేల మీది అల్మారా

ప్రపంచ జాబితాలు ఎక్కని సంపద మన ఇంటి పక్కనే ఉంది. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసి ప్రపంచానికి అందించింది. అల్ బిరూనీ ఖగోళశాస్త్ర గ్రంథం 'అల్ ఖానూనుల్ మస్ఊదీ' 1950లలో అక్కడి నుండే వెలువడింది. నెల్లూరు సీమకు చెందిన కర్షక కవి దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. గుర్రం జాషువా 1932లో 'ఫిరదౌసి' కావ్యం రాశారు. సుల్తాను మాట తప్పగా శ్రమఫలం దక్కని కవి వేదనను, అంటరానితనపు అవమానాలు అనుభవించిన ఒక తెలుగు కవి తన వేదనగా పలికారు. చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. వీరెవరూ ముస్లింలు కారు. మన సంపద విలువను గుర్తించి మనకంటే ముందు దాని వద్దకు నడిచినవారు.

మరోవైపు మన ఇళ్లలో ఒక నిశ్శబ్ద నష్టం జరుగుతోంది. దాదాగారి ట్రంకు పెట్టెలోని ఉర్దూ పుస్తకాలను చదవగలిగిన మనవలు తగ్గిపోతున్నారు. పిల్లలకు ఇంగ్లీషు బడిలో వచ్చింది, తెలుగు వీధిలో వచ్చింది, ఉర్దూ మాటగా మిగిలి అక్షరంగా జారిపోయింది. దాదీ, నానీ జీవించి ఉండగానే ఆ పుస్తకాలలో ఒకటి బయటకు తీయించి, వారి చేత చదివించి వినండి. ఏ జాబితాలోనూ లేని ఆ పుస్తకం మీ ఇంటి పట్టికలో మొదటిది కావాలి.

ఒక ఏడాది, ఆరు పుస్తకాలు

గజాలీ యౌవనంలో జరిగినట్లు చెప్పే సంఘటన ఒకటుంది. జుర్జాన్‌లో చదువు ముగించుకుని వస్తుండగా దారిదొంగలు ఆయన రాతప్రతుల సంచిని లాక్కున్నారు. 'నా విద్య అంతా అందులోనే ఉంది, దయచేసి ఇవ్వండి' అని ఆయన వేడుకున్నారు. సంచి పోతే విద్య కూడా పోయేటట్లయితే నీవు నేర్చుకున్నదేమిటని దొంగల నాయకుడు నవ్వాడు. ఆయన ఇల్లు చేరి, మూడేళ్లు శ్రమించి ఆ విద్యనంతా కంఠస్థం చేశారు. గోడ మీది గీతలు ఆ సంచి వంటివే.

అందుచేత వంద పుస్తకాల ఆరాటం మాని, రెండు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి ఆరు పుస్తకాలు కుటుంబమంతా కలిసి చదవాలని మేము సూచిస్తున్నాము. దివ్య ఖుర్ఆన్ పారాయణం, దాని తెలుగు భావం ఈ లెక్కలోకి రావు. అవి ప్రతిరోజూ సాగాలి. మిగిలిన పుస్తకాలను చూసే వెలుగు అదే. ఇక ఆరు పుస్తకాలు ఇవి: చిన్న చిన్న నీతికథలతో 1258లో వెలువడిన సాదీ 'గులిస్తాన్', క్రూసోతో జతగా 'హయ్య్ బిన్ యఖ్జాన్', 1325లో తంజీర్ నుండి బయలుదేరి ఢిల్లీలో ఖాజీగా పనిచేసిన ఇబ్ను బతూతా యాత్రలు, పిల్లల కోసం సంక్షిప్తం చేసిన 'డాన్ క్విక్సోట్', కాకసస్ ముస్లిం యోధుడి గురించి టాల్‌స్టాయ్ రాసిన చిన్న నవల 'హాజీ మురాద్', చివరగా జాషువా 'ఫిరదౌసి' గానీ, నెల్లూరి సీమ ముస్లిం బాల్యాన్ని నవ్విస్తూ చెప్పే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' గానీ.

మగ్రిబ్‌కు, ఇషాకు నడుమ అరగంట చాలు. ఒకరు చదవగా మిగిలినవారు వినాలి. ఆ సమయానికి వంటింట్లో పని ఉందని తల్లిని, కోడలిని వేరుచేయకండి. పని పంచుకోండి, లేదా పుస్తకాన్నే వంటింటి గుమ్మం వద్దకు తీసుకువెళ్లండి. పెళ్లితో ఆగిపోయిన ఎందరో ఆడపిల్లల చదువు అక్కడ మళ్లీ మొదలుకావచ్చు. పుస్తకం ముగిశాక గీత గీయడానికి బదులు ప్రతి ఒక్కరూ మూడు వాక్యాలు రాయాలి: ఇందులో మేలేమిటి, అంగీకరించనిదేమిటి, ఇంకా అడగవలసినదేమిటి. ఏడాది చివర ఆ నోటుపుస్తకమే మీ కుటుంబపు ఫిహ్రిస్త్ అవుతుంది.

దైవవాణి 'ఇఖ్రా' అన్న పిలుపుతో ఆరంభమైంది. 'చదువు' అన్న ఆ ఆజ్ఞ వెంటనే 'నీ ప్రభువు పేరుతో' అన్న షరతు ఉంది. చదవవలసిన వాటి విస్తృతి ఎంతటిదైనా, చదివేవాడి సంకల్పం ఎక్కడ నిలవాలో అక్కడే స్పష్టమైంది. అల్లాహ్ మన ఇళ్లలో పుస్తకాల మీద ప్రేమను, వాటిలోని మంచిచెడులను వేరుచేసే వివేకాన్ని, చదివినదానిని ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.