రెండు కూపేలు, రెండు బలహీనతలు

కూర్చున్నవాళ్లకు అలసట తెలియకుండా, సామానుతో సహా వందల కిలోమీటర్లు వేగంగా చేర్చే కారును యూరప్‌లో గ్రాండ్ టూరర్ అంటారు. 1970ల తొలినాళ్లలో ఈ పనికి ఫ్రాన్స్, జర్మనీ పూర్తిగా వేర్వేరు దారులు పట్టాయి. ఫ్రాన్స్ నుంచి సిత్రోయెన్ ఎస్.ఎం., జర్మనీ నుంచి బి.ఎం.డబ్ల్యూ. 3.0 సి.ఎస్. అనే రెండు తలుపుల కార్లు (కూపేలు) వచ్చాయి.

1968లో సిత్రోయెన్ ఇటలీకి చెందిన మజెరాటిని చేజిక్కించుకుంది. ఆ సంస్థ ఇంజినీరు జూలియో అల్ఫియేరి కొత్త కారుకు 2.7 లీటర్ల వి6 ఇంజిన్ తయారుచేశాడు. ఫ్రాన్స్‌లో అప్పట్లో 2.8 లీటర్లు దాటితే పన్ను మోత ఎక్కువగా ఉండేది. అందుకే ఆ కొలత. రాబెర్ ఓప్రాన్ గీసిన రూపంతో 1970లో జెనీవా ప్రదర్శనకు వచ్చిన ఎస్.ఎం. గంటకు 220 కిలోమీటర్ల వేగం అందుకునేది.

దాని అసలు గొప్పతనం ద్రవపీడనంలో ఉంది. స్ప్రింగులకు బదులు ప్రతి చక్రం దగ్గరా ఒక లోహగోళం, అందులో ఒకవైపు నైట్రోజన్ వాయువు, మరోవైపు ద్రవం. రోడ్డు కుదుపులను ఆ వాయువే మింగేస్తుంది. సస్పెన్షన్‌కూ బ్రేకులకూ స్టీరింగుకూ ఒకే పంపు శక్తినిస్తుంది. వేగం పెరిగేకొద్దీ స్టీరింగు బిగుసుకుంటుంది. వదిలేస్తే దానంతటదే మధ్యకు వస్తుంది. 1973 చమురు సంక్షోభం, కంపెనీ అప్పులు కలిసి 1975లో ఎస్.ఎం. కథ ముగించాయి. తయారైనవి 12,920.

బి.ఎం.డబ్ల్యూ. తెలిసిన విద్యనే మెరుగుపరిచింది. 1968 నాటి 2800 సి.ఎస్.కు వారసుడిగా 1971లో వచ్చిన 3.0 సి.ఎస్.లో ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి; శక్తి 180 హార్స్‌పవర్. అద్దాలన్నీ దించితే పక్కన అడ్డుగా ఒక్క స్తంభమూ కనిపించదు. దీని తేలికపాటి రూపం సి.ఎస్.ఎల్. 1973లో యూరోపియన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ గెలిచింది. 1975 లె మాన్ పందెం కోసం శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ ఒక సి.ఎస్.ఎల్.కు రంగులు వేశాడు.

కొనేవారు మాత్రం బలాల కన్నా ముందు బలహీనతలు చూడాలి. ఎస్.ఎం. ఇంజిన్‌లో టైమింగ్ చైన్ బిగువు తగ్గినా పట్టించుకోకపోతే అది తెగి, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. మజెరాటి ఇంజిన్, సిత్రోయెన్ ద్రవవ్యవస్థ రెండూ తెలిసిన మెకానిక్‌లు అరుదు కావడంతో ఈ కారుకు చెడ్డపేరు వచ్చింది. నిజానికి చైన్ లోపానికి నిపుణులు మందు కనిపెట్టారు; దాన్ని బిగువుగా ఉంచే మెరుగైన టెన్షనర్లు దొరుకుతున్నాయి. బి.ఎం.డబ్ల్యూ. ఇంజిన్ గట్టిపిండమే, కానీ కార్మన్ సంస్థ తయారుచేసిన బాడీకి తుప్పే శత్రువు. చెద పట్టిన గుమ్మంలా పైకి రంగు నిగనిగలాడుతూనే లోపల రేకు కరిగిపోతుంది. ఎస్.ఎం.కూ తుప్పు పడుతుంది గాని, బి.ఎం.డబ్ల్యూ.కు అదే ప్రధాన రోగం.

తరచూ నడుపుకోవాలనుకునేవారికి 3.0 సి.ఎస్. మంచిది, అయితే లిఫ్టుపై ఎత్తి కింది రేకంతా చూడకుండా బయానా ఇవ్వకండి. ఇంజినీరింగ్ సాహసాన్ని ప్రేమించేవారికి నా ఓటు ఎస్.ఎం.కే. మరమ్మతుల రికార్డులు పక్కాగా ఉన్న బండినే ఎంచుకోండి, దాన్ని ఎరిగిన మెకానిక్‌ను కారుకన్నా ముందే వెతుక్కోండి.