గుడారంలో ఒక రోజు

పిల్లలూ! వేడిపాలను ఊదితే త్వరగా చల్లారతాయి కదా! కొండమీద ఈదురుగాలి మనిషినీ అలాగే చల్లార్చేస్తుంది. మన ఒంటిని అంటిపెట్టుకుని వెచ్చని గాలిపొర ఒకటి ఉంటుంది. ఈదురుగాలి దానిని ఎప్పటికప్పుడు ఎగరగొట్టేస్తుంది. ఒంటి వేడి తరిగిపోతుంది. అది ప్రాణాంతకం.

1953 మే 27న టెన్సింగ్, హిల్లరీలు ఎవరెస్టుపై సౌత్‌కోల్ అనే కనుమలో ఉన్నారు. ఎత్తు సుమారు 7,900 మీటర్లు. శిఖరానికి నిలువున ఇంకా 950 మీటర్లే! కాని పెనుగాలి వీస్తోంది. వారు తొందరపడలేదు. ఆ రోజంతా గుడారంలోనే ఆగిపోయారు. గుడారం బట్ట వేడినివ్వదు, గాలిని ఆపుతుంది. అదే చాలు.

అయితే అంత ఎత్తున, చలిలో ఆయాసంతో ఊపిరి తీస్తుంటే ఒంట్లోని నీరు ఆవిరిగా పోతుంది. చుట్టూ మంచే, తాగడానికి చుక్క నీరుండదు! సున్నా డిగ్రీల మంచు ఒక గ్రాము కరగాలంటే 80 కెలోరీలు కావాలి. అంత వేడితో గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు కాచవచ్చు! మంచు తింటే ఆ వేడి మన ఒంటినుంచే పోతుంది. అందుకే స్టౌమీద కరిగించుకుంటారు. గుడారం పూర్తిగా మూస్తే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు చేరుతుంది, గాలి ఆడనివ్వాలి.

మరునాడు గాలి తగ్గింది. పైకి కదిలి, 29న శిఖరం చేరారు.

మరి సౌత్‌కోల్‌లో నీరు 100 డిగ్రీలు రాకముందే ఎందుకు మరుగుతుంది? ఆలోచించి చెప్పండి!