టీవీ బాగానే ఉంది... యాప్ రావడం లేదు!

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు!" టీవీలో ఏదైనా ఆగిపోతే మన ఇళ్ళల్లో ముందుగా వినిపించే మాట ఇదే కదూ?

బొమ్మ నిక్షేపంలా ఉంటుంది. మాట ఖణీమని వినిపిస్తుంది. రిమోట్‌లో బ్యాటరీలు మొన్ననే మార్చారు. అయినా నిన్నటిదాకా రోజూ చూసిన యాప్ నొక్కితే "ఈ పరికరంలో ఈ యాప్ ఇకపై పనిచేయదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. అత్తగారి సీరియల్ సగంలో ఆగింది. చంటివాడు పాటలు పెట్టందే ముద్ద మింగడు. షాపులో అడిగితే "పాత మోడలమ్మా, కొత్తది తీసేసుకోండి" అంటారు. కొని ఏడేళ్ళయినా కాలేదు! పుట్టింట్లో ఆ పాత డబ్బా టీవీ పదిహేనేళ్ళు నడిచిందని గుర్తొస్తే ఒళ్ళు మండదూ మరి?

కాబట్టి ముందే చెబుతున్నాం. తప్పు మీది కాదు. మీ టీవీ కూడా చెడిపోలేదు. కంగారుపడి కొత్తదానికి వాయిదాలు కట్టడం మొదలుపెట్టకండి. ఈ నాలుగు మాటలూ చదివి అప్పుడు నిర్ణయించుకోండి.

అసలేం జరుగుతుంది?

మిక్సీ ఉందనుకోండి. మోటారు తిరిగినంతకాలం పప్పు రుబ్బుతుంది. దానికి మిక్సీ కంపెనీ అనుమతి అక్కర్లేదు. స్మార్ట్ టీవీ అలా కాదు. స్మార్ట్ టీవీ అయినా, టీవీ వెనక తగిలించే స్టిక్ అయినా లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటరే. అది ప్రతిసారీ ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్‌తో మాట్లాడి, వాళ్ళు సరేనంటేనే సినిమా చూపిస్తుంది. ఆ మాటలు కుదరకపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు.

మొదటిది, యాప్ ఏటేటా పెరుగుతుంది. మీ టీవీలో ఉన్న మెమరీ పెరగదు. పాత గిన్నెలో రెట్టింపు బియ్యం పోసి ఉడకమంటే ఎలా?

రెండోది తాళం. సినిమాలను ఎవరూ దొంగిలించకుండా కంపెనీలు వాటికి తాళం వేసి పంపుతాయి. తాళం మారిస్తే పాత పరికరంలో ఉన్న తాళంచెవి పనికిరాదు.

మూడోది గడువు. పరికరం అసలైనదేనని చెప్పే గుర్తింపు పత్రం ఒకటి దాని లోపలే ఉంటుంది. పాల ప్యాకెట్ మీద ఉన్నట్టు దానికీ ఒక తేదీ ఉంటుంది. కంపెనీ పట్టించుకుని కొత్త పత్రం పంపిస్తే సరేసరి. పంపకపోతే ఆ రోజుతో సరి.

ఇవన్నీ సరిచేయడం కంపెనీలకి చేతకాక కాదు. ఎప్పుడో అమ్మేసిన వస్తువు మీద మళ్ళీ ఖర్చు పెట్టడం ఎందుకన్న లెక్క, అంతే.

మనకొక్కరికేనా?

కాదు. 2019 డిసెంబరులో 2010, 2011 సంవత్సరాల నాటి కొన్ని శామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. అమెరికాలో ఎక్కువగా వాడే రోకు పెట్టెల్లో తొలినాటి మోడళ్ళదీ అదే గతి. కారణం పైన చెప్పుకున్న తాళమే. 2021 మార్చిలో మూడో తరం ఆపిల్ టీవీలో యూట్యూబ్ యాప్ ఆగింది. 2024 జూలై ఆఖరుతో అందులో నెట్‌ఫ్లిక్స్ కూడా పోయింది. ఖరీదైన కంపెనీ వస్తువు కొన్నంత మాత్రాన గట్టెక్కుతామనుకోవడం భ్రమే.

2025 మార్చిలో ఇంకో చిత్రం జరిగింది. 2015లో వచ్చిన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతటా ఒక్కసారిగా మొరాయించాయి. లోపలి పత్రానికి పదేళ్ళ గడువు తీరిపోయింది! ఫిర్యాదులు వెల్లువెత్తడంతో గూగుల్ కొద్దిరోజుల్లోనే సరిచేసింది. కానీ ఈలోగా ఓపిక పట్టలేక రీసెట్ కొట్టినవాళ్ళు మరిన్ని తిప్పలు పడ్డారు. అందుకే తొందర వద్దనేది.

కొనేముందు ఇవి చూడండి

* రిమోట్‌తో ఆపితే టీవీ కునుకు తీస్తుందంతే. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ వేయండి. చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది.

* సెట్టింగ్స్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా? తేదీ తప్పితే గడువు లెక్కలన్నీ తప్పి యాప్‌లు తెరుచుకోవు.

* ఒక్క యాపే ఆగిందా, అన్నీ ఆగాయా? అన్నీ ఆగితే ముందు వై-ఫై సంగతి చూడండి. ఒక్కటే ఆగితే లోపం ఆ యాప్‌ది.

* ఎవరూ చూడని ఆటలు, యాప్‌లు తీసేసి చోటు ఖాళీ చేయండి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో వెతకండి.

* పనిచేస్తున్న పాత యాప్‌ను మాత్రం 'తీసి మళ్ళీ వేద్దాం' అనుకోకండి. పాత పరికరానికి అది మళ్ళీ దొరక్కపోవచ్చు. రీసెట్ అనేది చిట్టచివరి మందు.

ఇవన్నీ చేశాక కూడా "పనిచేయదు" అనే మాటే వస్తుంటే ఆ యాప్‌తో ఆ పరికరానికి రుణం తీరినట్టే. అయితే టీవీకి కాదు సుమా!

తక్కువ ఖర్చులో దారి

మీ టీవీ వెనక హెచ్‌డీఎంఐ అని రాసి ఉన్న చోటు ఉందా? ఉంటే చాలు. అక్కడ కొత్త స్టిక్ ఒకటి పెట్టుకుంటే పాత టీవీయే మళ్ళీ స్మార్ట్ అవుతుంది. స్టిక్‌కి కరెంటు టీవీ నుంచి కాకుండా, దానితో వచ్చిన అడాప్టర్‌తో గోడ ప్లగ్ నుంచే ఇవ్వండి. చాలకపోతే మధ్యమధ్య ఆగిపోతుంది.

లెక్క వేసి చూడండి. 4,000 రూపాయల స్టిక్ 5 ఏళ్ళు వచ్చిందనుకుంటే నెలకి 67 రూపాయలు. అదే 40,000 రూపాయల టీవీని 5 ఏళ్ళకే మార్చేస్తే నెలకి 667. మిగిలిన డబ్బు పిల్లల ఫీజుకో, మీకెంతో కాలంగా కావాలనుకుంటున్న వస్తువుకో పనికొస్తుంది కదా!

అప్పుడప్పుడూ సినిమా చూసేవాళ్ళకి అదీ అక్కర్లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలుపుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. చవగ్గా వస్తుందని పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెలు కొనకండి. "అన్ని చానళ్ళూ ఫ్రీ" అంటే అసలు నమ్మకండి. అలాంటి పెట్టెల్లో కొన్నింటిలో దొంగ సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి అమ్ముతున్నారని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. బ్యాంకు పనులు చేసుకునే ఫోను కూడా మీ ఇంట్లో అదే వై-ఫై మీద ఉంటుందని మరచిపోకండి.

పాతదాన్ని ఏం చేయాలి?

స్టిక్ అయినా, టీవీ అయినా ఎవరికైనా ఇచ్చేముందు ప్రతి యాప్‌లోంచీ సైన్ అవుట్ అయి, రీసెట్ చేసి ఇవ్వండి. లేకపోతే మీ ఖాతాలో వాళ్ళు సినిమాలు చూస్తారు! చెత్తబుట్టలో మాత్రం పడేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే షాపులోనే పాతది తీసుకుంటారేమో అడగండి.

కొనేటప్పుడు గట్టిగా అడగండి

చీర కొంటే రంగు దిగుతుందా అని పదిసార్లు అడుగుతాం. టీవీకి ఎందుకు అడగకూడదు? ఈ మోడల్ ఏ సంవత్సరంలో వచ్చింది? పండగ తగ్గింపులో ఇచ్చేవి ఒక్కోసారి పాత మోడళ్ళే అయి ఉంటాయి. మీరు ఈరోజు కొన్నా దాని వయసు లెక్క ఎప్పుడో మొదలైంది. మెమరీ ఎంత? మనం చూసే ఆహా, ఈటీవీ విన్, జియోహాట్‌స్టార్ దీనిలో వస్తాయా? అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారు?

ఇది గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌తో నడిచే వస్తువులకి భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు చెప్పితీరాలని చట్టమే ఉంది. మన దగ్గరా గ్యారంటీ ఉన్న వస్తువు విషయంలో షాపువాళ్ళు, కంపెనీవాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పి తప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. బిల్లు, మాట ఇచ్చిన కాగితం జాగ్రత్తగా దాచుకోవడం మన వంతు.

ఇంటి ఖర్చు చూసుకునేది మనం. రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న వస్తువు ఎన్నాళ్ళు పనిచేస్తుందో తెలుసుకునే హక్కూ మనదే. ఈసారి షాపులో తెర ఎంత పెద్దదో, రిమోట్ ఎంత తెలివైనదో చెప్పడం మొదలుపెట్టగానే, "అదంతా సరే, అప్‌డేట్లు ఎన్నేళ్ళు?" అని అడగండి. జవాబు రాకపోతే పక్క షాపుకి నడవండి.