పల్లెలోను పట్టణములోను వృద్ధుల ఆర్థిక స్థితి

వార్ధక్యమును గురించి మాటలాడునపుడు మనము పెద్దలయెడ చూపవలసిన గౌరవమును, చేయవలసిన సేవను గురించియే ఎక్కువగా చెప్పుకొందుము. వారి చేతిలో సొంత డబ్బు ఎంత ఉన్నది, అది ఎక్కడినుండి వచ్చుచున్నది అను ప్రశ్న అరుదుగా వినబడును. ఇంటిలో పెద్దల మాటకు విలువ నిలుచుటకు ఆ సొంత డబ్బే ఆధారమని మేము భావించుచున్నాము.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో అరువది ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలమంది. వీరిలో నూటికి 71 మంది గ్రామవాసులు. గ్రామములలోని వృద్ధ పురుషులలో నూటికి 66 మంది, వృద్ధ స్త్రీలలో 28 మంది ఏదో ఒక పని చేయుచుండిరి. పట్టణములలో ఈ సంఖ్యలు వరుసగా 46, 11.

ఈ అంకెలను చూచి పల్లెలో వృద్ధులు సుఖముగా ఉన్నారని తలచరాదు. వ్యవసాయ కూలికి పదవీ విరమణ లేదు. కాళ్ళు చేతులు ఆడినంతకాలము పనికి పోవలసినదే. వయస్సు మీరినకొలది పనికి పిలుచువారు తగ్గుదురు. నాట్లు, కోతలు గుత్తకు తీసికొను ముఠాలు నెమ్మదిగా పనిచేయువారిని చేర్చుకొనవు. చివరకు మిగులునది పశువులను కాయుట, చేను కావలి, మనుమలను సాకుట. ఇంటిలో చేయు ఈ పనులకు కూలి లేదు. అయినను పల్లెలో సొంత గుడిసె, రేషను బియ్యము, ఇరుగుపొరుగుల ఆదరణ కొంత ఆసరాగా నిలుచును.

పట్టణములో పరిస్థితి వేరు. ప్రభుత్వోద్యోగము చేసి పింఛను పొందువారు కొద్దిమంది. ప్రైవేటు సంస్థలలో పనిచేసిన ఉద్యోగుల పింఛను పథకములో 2014 సెప్టెంబరునుండి కనీస మొత్తము నెలకు 1,000 రూపాయలు మాత్రమే. దుకాణపు గుమాస్తాకు, రిక్షా కార్మికునకు, కావలివానికి అదియును లేదు. ఇంటి అద్దె, మందుల ఖర్చు మాత్రము నెలనెలా తప్పవు. హైదరాబాదు పాతబస్తీలో జర్దోజీ పనిచేయువారికి చూపు మందగించిన నాడే ఆదాయమునకు గండిపడును. కొన్ని వృత్తులలో వార్ధక్యము ముందుగనే వచ్చునని మన రెండు రాష్ట్రములును గుర్తించినవి. చేనేత, కల్లుగీత కార్మికులకు 50 ఏండ్లకే పింఛనుకు అర్హత కలదు.

రెండుచోట్లను అందరికంటె వెనుకబడినవారు వితంతువులు. భూమియైనను ఇల్లైనను వారి పేర ఉండుట అరుదు. భర్త పోయిన పిదప మందు బిళ్ళకును కుమారుని అడుగవలసివచ్చును.

ఇట్టివారికి వృద్ధాప్య పింఛను చిన్న విషయము కాదు. 1995లో కేంద్ర ప్రభుత్వము నెలకు 75 రూపాయలతో దీనిని ప్రారంభించినది. తెలంగాణలో 2019లో ఇది 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 4,000 రూపాయలకు పెరిగినది. అయితే వయస్సు ధ్రువపత్రము సరిగా లేకయో, కూలిపనిలో అరిగిన వ్రేళ్ళ గుర్తులు యంత్రమునకు అందకయో ఇబ్బంది పడువారును కలరు.

చట్టము కూడ పెద్దలకు అండగా ఉన్నది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పిల్లలు పోషింపనిచో రెవెన్యూ డివిజను అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షతగల ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసికొనవచ్చును. తమను చూచుకొనవలెనను షరతుపై ఆస్తి వ్రాసియిచ్చిన పిదప ఆ షరతు తప్పినచో, ఆ దస్తావేజును రద్దు చేయించుకొను అవకాశము 23వ సెక్షనులో కలదు. కావున ఆస్తిని ఇచ్చునపుడు ఆ షరతును దస్తావేజులో స్పష్టముగా వ్రాయించుకొనుట మేలు. బిడ్డలపై నమ్మకముతో సర్వము వ్రాసియిచ్చి, వట్టి చేతులతో మిగిలిన పెద్దలు మన వీధులలోనే ఉన్నారు.

విద్యార్థులు ఇందులో చేయదగిన పని ఉన్నది. తెలుగుగాని ఉర్దూగాని చదువనేరని పెద్దల పక్షమున దరఖాస్తు నింపుట, వారితో కార్యాలయమునకు పోవుట, బ్యాంకు పుస్తకములోని లెక్కను చదివి చెప్పుట మనకు కష్టము కాదు. సెలవులలో ప్రతి విద్యార్థియు తన వీధిలో ఒక్క వృద్ధునకో వృద్ధురాలికో ఈ సహాయము చేసినచో, మన చదువు వారి చేతికి నెలనెలా నాలుగు రూకలై అందును. కళాశాల కమిటీవారు కూడ ఈ విషయమున విద్యార్థులకు తోడ్పడగలరని ఆశించుచున్నాము.